ఎనిమిది బై పన్నెండులో అందరూ పట్టాలి

విజయవాడ బీసెంట్ రోడ్డు పక్క సందులో స్టూడియో. సాయంత్రం ఏడవుతోంది. లోపలి గదిలో ప్రింటింగ్ మిషన్ గిర్రుమంటోంది, కెమికల్ వాసన కౌంటరు దాకా వస్తోంది. మీరు కుర్చీ ముందుకు లాక్కుని, కుర్రాడి భుజం మీదుగా మానిటర్లోకి చూస్తున్నారు. తెరనిండా మీవాళ్లే. నాన్నగారి షష్టిపూర్తి నాడు ఫోన్లో తీసిన గ్రూప్ ఫొటో: కుర్చీల్లో అమ్మానాన్నా, వెనక పెదనాన్న, బాబాయిలు, అత్తయ్యలు, ముందు చాప మీద పిల్లలు. అమ్మకి ఫ్రేమ్ కట్టించి ఇవ్వాలి.

"సైజెంతండీ?"

"ఎనిమిది బై పన్నెండు."

అతను క్రాప్ టూల్ తీసుకుని వెడల్పు 12, ఎత్తు 8, రిజల్యూషన్ 300 అని కొట్టాడు. ఫొటో మీద చట్రం వచ్చి కూర్చుంది. దాని బయటున్నదంతా మసకబారింది. ఆ మసకలో ఏముందో చూడండి. పైన మామిడాకుల తోరణం, కింద పిల్లల పాదాలు.

"అదేంటి, కాళ్లు తెగిపోతున్నాయే?"

"ఫోన్ ఫొటో కదండీ, కాగితానికి సరిగ్గా కూర్చోదు."

మీ ఫొటో 4000 పిక్సెళ్ల వెడల్పు, 3000 ఎత్తు. అంటే 4:3. కాగితమేమో 3:2. ఆ కొలత ఫిల్ము రోజుల నాటిది. 1925లో అమ్మకానికొచ్చిన లైకా కెమెరాతో 36×24 మిల్లీమీటర్ల ఫిల్ము గడి జనంలోకి వెళ్లింది. 4×6, 8×12, 12×18 ఆ గడికి సరిపడే కాగితాలు. 4000 వెడల్పుకి ఆ లెక్కన 2667 ఎత్తు చాలు. మిగతా 333 వరసలు, అంటే ఫొటోలో తొమ్మిదో వంతు, పోవాల్సిందే.

ఎక్కడ పోవాలో చెప్పాల్సింది మాత్రం మీరే. పెన్‌డ్రైవ్ ఇచ్చేసి ఇంటికెళితే పైనా కిందా సమానంగా పోవచ్చు. ఏది తోరణమో, ఏది చంటిదాని పాదమో మిషన్‌కి తెలీదు.

"చట్రం కిందికి జరపండి బాబూ."

మౌస్ కదిలింది. పాదాలు వెలుగులోకొచ్చాయి. పైన తోరణం పూర్తిగా మసకలోకి వెళ్లింది, పెదనాన్న తల అంచుకి తగిలింది. "ఆగండాగండి, కాస్త పైకి." ఫ్రేమ్ చెక్క నాలుగు పక్కలా కొంత మింగుతుంది. అంచులేని ప్రింటు తీసేటప్పుడు మిషన్ కూడా బొమ్మని రవ్వంత పెంచి చివర్లు వదిలేస్తుంది. తల పైన కాస్త గోడ, కాళ్ల కింద కాస్త చాప మిగలాలి. మిగిలాయి.

"కొయ్యకుండా లాగి సరిపెట్టలేమా?"

అతను వెడల్పునీ ఎత్తునీ కలిపి ఉంచే గొలుసు గుర్తు విప్పి, ఫొటోని అడ్డంగా లాగి చూపించాడు. అమ్మ ముఖం సాగిపోయింది. వద్దని మీరే చెయ్యి అడ్డం పెట్టారు. "కోతే వద్దంటే పక్కల తెల్ల అంచు వదలొచ్చండి. లేదా 9×12 కొట్టిద్దాం, అందులో మొత్తం పడుతుంది, ఫ్రేమ్ ఆ కొలతకి చేయించుకోవాలి." మీరు ఇంకోసారి అందరి ముఖాలూ, పాదాలూ చూసుకుని కోతకే ఒప్పుకున్నారు.

ఎంటర్ నొక్కగానే ఫొటో 3600×2400కి తగ్గింది. అంగుళానికి 300 పిక్సెళ్లు, ప్రింటుకి నిండుగా సరిపోతాయి. ఇలా తగ్గించడంలో భయం లేదు.

భయం రెండో ఫొటోతో. డల్లాస్ నుంచి అన్నయ్య వాట్సాప్‌లో పంపింది, 1600×1200. పన్నెండు అంగుళాల మీద పరిస్తే అంగుళానికి 133 పిక్సెళ్లే. పెద్దది చేస్తే కంప్యూటర్ చుట్టుపక్కల రంగులు చూసి మధ్యలో ఊహించి నింపుతుంది. చీర జరీ అలుక్కుపోతుంది. "ఒరిజినల్ ఉంటే డాక్యుమెంటుగా పంపమనండి." అక్కడ ఇంకా పొద్దున్నే. అయినా మెసేజ్ పెట్టండి, అన్నయ్య లేచాక పంపుతాడు.

అతను కత్తిరించినదాన్ని వేరే పేరుతో సేవ్ చేశాడు. మొదటి ఫొటో 4000×3000గా అలాగే ఉంది, రేపు ఇంకో కొలత కావాలంటే మళ్లీ అక్కణ్నుంచే మొదలుపెట్టాలి. బంధువులకి పంచే 4×6 కాపీలకి మాత్రం ఇదే కోత చాలు, రెండూ ఒకే నిష్పత్తి.

ఈసారి ఇంట్లో అందరినీ నిలబెట్టి ఫోన్ ఎత్తినప్పుడు, ఒక్క అడుగు వెనక్కి వేసి నొక్కండి. పైన కాస్త గోడా కింద కాస్త నేలా ఎక్కువ పట్టించండి. కాగితం తన వంతు అడిగినప్పుడు ఇవ్వడానికి అవే ఉండాలి.