విజయనగరపు సిరిమాను

1898వ సంవత్సరమున పారిసు నగరమందు మోటారు వాహన ప్రదర్శనమును ఏర్పాటు చేసినవారు ఒక నియమము విధించిరి: ప్రదర్శనకు వచ్చు ప్రతి బండియు స్వశక్తితో వెర్సాయికి పోయి తిరిగి రావలెను. నిలిచి మెరయుట చాలదు, నడిచి చూపవలెనని వారి ఉద్దేశము. యంత్రమన్నది ఎరుగని కాలమునుండియు విజయనగరమందు, విజయదశమి వెళ్లిన మొదటి మంగళవారమునాడు, ఏటేటా జరుగు వాహన సంరంభమునకును ఇట్టి నియమమే కలదు. మూడు లాంతర్ల కడనున్న పైడితల్లి గుడికిని కోటకును నడుమ సిరిమాను ముమ్మారు తిరుగవలెను.

దీనికి మూలము యుద్ధమునందున్నది. 1757 జనవరి 24న ఫ్రెంచి సేనాని బుస్సీ అండతో విజయనగర ప్రభువైన పూసపాటి పెద విజయరామరాజు బొబ్బిలి కోటను ధ్వంసము గావించెను. గెలుపు ననుభవించుటకు వ్యవధి లేకయే, కొలది దినములలో తన డేరాయందు బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుని కత్తికి బలియయ్యెను. రాజుగారి చెల్లెలు పైడితల్లి ఆ వార్త విని ప్రాణములు విడిచెననియు, పిదప పతివాడ అప్పలనాయుడను వానికి కలలో కనబడి తన ప్రతిమ పెద్దచెరువున నున్నదని చెప్పగా, బెస్తవారు వలలు వేసి దానిని వెలికిదీసిరనియు జనశ్రుతి.

సిరిమాను అనగా ఇంచుమించు 50, 60 అడుగుల చింతమాను. ఏ ఊరి ఏ తోటలోని చెట్టో పైడితల్లి అమ్మవారే పూజారి కలలోనికి వచ్చి చెప్పునని నమ్మకము. ఆ చెట్టునకు పసుపు కుంకుమలు పెట్టి, నరికి, హుకుంపేటకు చేర్చగా, అచ్చట వడ్రంగులు బెరడు వలిచి, బాడిసతో చెక్కి, మానును నునుపు చేయుదురు. ఇరుసుమానుతో కూడిన బండిపై, లావైన మొదలు క్రిందుగను సన్నని కొన మింటివైపునకును ఉండునట్లు దాని నమర్చినపుడు, కొనయందలి పీటపై కూర్చుండిన పూజారి బరువునకు మాను మొదలి బరువు తూకమగును. క్రిందనుండి జనులు అరటిపండ్లు విసరుచుండ, ఆయన అంత యెత్తున ఊగుచు సాగును. మద్రాసు రాజధానియందు పూర్వము వీపునకు ఇనుప కొక్కెములు గ్రుచ్చి మనుష్యులను మానునకు వ్రేలాడదీయు సిడి ఉత్సవములు అనేకము జరిగెడివి. ఆంగ్ల ప్రభుత్వము వానిని అణచుటకు పూనుకొనెను. మన సిరిమాను వానికి దాయాదియేమో యని నాకొక సందేహము. అయినను ఇచ్చట కొక్కెము లేదు, పీట యున్నది; ఆ భేదము చిన్నది కాదు.

సిరిమానునకు ముందు పాలధార, తెల్లయేనుగు, అంజలి రథము, బెస్తవారి వల నడచును. అంజలి రథముపై స్త్రీవేషము దాల్చిన పురుషులు అక్షతలు చల్లుదురు. పాలధార కోటకు కావలి కాచిన బంట్లకు గుర్తని చెప్పుదురు. వల మాత్రము వాహనమే కాదు, ఒట్టి వల; అయినను ఆ వరుసలో దానికి చోటెందుకని అడుగువారు విజయనగరమున నుండరు.

బొబ్బిలి యుద్ధమును గూర్చి వ్రాసినవారు రాజులను, దొరలను, ఫిరంగులను మిక్కిలి విస్తరించి వర్ణించిరి గాని, వల పట్టిన చేతులకును బాడిస పట్టిన చేతులకును వారి గ్రంథములయందు ఒక పుటయైన దొరకలేదు. ఈ ఊరేగింపున వీథి నడుమ నడచునది ఆ వలయే, ఆ చెక్కడపు మానే; పూసపాటివారు కోట బురుజు మీద కూర్చుండి చూచువారు.