పారాషూటు త్రాడు
ఆకాశమునుండి దూకు సైనికుని ప్రాణము కొన్ని సన్నని త్రాళ్ళపై వ్రేలాడుచుండును. పారాషూటు గొడుగును అతని దేహమునకు బంధించునవి ఆ త్రాళ్ళే. వాటి కథ యొకింత తెలిసికొందము.

పూర్వము వాటిని పట్టుతో చేసెడివారు. అమెరికాకు పట్టు ముఖ్యముగా జపానునుండి వచ్చుచుండెను. 1941లో ఆ రాకడ నిలిచిపోయెను. అంతకుముందే, 1935లో, డూపాంట్ సంస్థ పరిశోధనాలయమున వాలెస్ కారొథర్స్ బృందము నైలానును సృష్టించియుండెను. 1940లో స్త్రీల మేజోళ్ళుగా అంగళ్ళకెక్కిన ఆ నూలే యుద్ధకాలమున పారాషూటు గుడ్డయు, త్రాడును అయ్యెను.

గడ్డిపోచలు పేనిన త్రాడు ఏనుగును కట్టునని మనమందుము. దీని మర్మమును అదియే. అల్లిన తొడుగులోపల ఏడు మొదలు తొమ్మిది పేటలుండును. సైనిక ప్రమాణమున మూడవ రకపు త్రాడు 550 పౌనుల, అనగా సుమారు 250 కిలోల లాగుడునకు ఆగును. నేలకు దిగిన సైనికులు దానిని కోసి మూటలు కట్టుకొనిరి. 1997లో హబుల్ దూరదర్శినిని బాగుచేసిన వ్యోమగాములకును అది ఉపకరించెను.

నేడు అడవులకు, కొండలకు పోవువారు దానిని కంకణముగ అల్లి ధరించుచున్నారు. మణికట్టు చుట్టుకొలతలో అంగుళమునకు సుమారు అడుగు త్రాడు పట్టును. నడిమి పేటలపై ఒకమారు కుడినుండి, ఒకమారు ఎడమనుండి ముడివేయుచు పోవలెను. ఆపదలో విప్పినచో లోపలి పేట గాలమునకో, చినిగిన బట్ట కుట్టుటకో పనికివచ్చును. కాని దానిని నమ్మి కొండ నెక్కరాదు. ఒరిపిడి వేడికి నైలాను కరగును. ఇంటియందే ఒకమారు విప్పి, ముడులు వేసి చూచుకొని మనము బయలుదేరుట మేలు.