తనిఖీ నుండి సమ్మతి దాకా: సుఖవ్యాధుల పరీక్షల చరిత్ర

కీలకపదాలు: సుఖవ్యాధులు, లాక్ హాస్పిటళ్లు, వాసర్‌మన్ పరీక్ష, హెచ్‌ఐవీ, సమ్మతి.

1. ఉపోద్ఘాతం

సుఖవ్యాధుల చరిత్రను ఎక్కువగా సూక్ష్మజీవుల చరిత్రగానో, మందుల చరిత్రగానో రాస్తుంటారు. పరీక్షకు ఎవరిని పిలిచారు, వారి ఇష్టాన్ని అడిగారా అన్న ప్రశ్నలకు అందులో చోటు తక్కువ. 16వ శతాబ్దికి చెందిన భావమిశ్రుడు 'భావప్రకాశం'లో సవాయిని 'ఫిరంగ రోగం' అన్నాడు. రోగాన్ని పరాయివారికి అంటగట్టే ధోరణి ఆ పేరులోనే ఉంది. ఇదే ధోరణి పరీక్షల చరిత్రలోనూ కనిపిస్తుంది.

2. కంటితో చేసిన తనిఖీ

బ్రిటిష్ సైనికులను రోగాల నుండి కాపాడటానికి 1868లో భారతదేశంలో అంటువ్యాధుల చట్టం వచ్చింది. దాని ప్రకారం వేశ్యావృత్తిలో ఉన్న స్త్రీలు పేర్లు నమోదు చేయించుకొని, నిర్ణీత కాలాల్లో తనిఖీకి హాజరు కావాలి. రోగం ఉందని తేలితే లాక్ హాస్పిటల్‌లో నిర్బంధించేవారు. మద్రాసు సైన్యపు లాక్ హాస్పిటళ్లలో బళ్లారి, సికింద్రాబాదు కూడా ఉన్నాయి. తనిఖీ అంటే స్పెక్యులమ్‌తో చేసే కంటిచూపు పరీక్ష మాత్రమే. పుండు మానిపోయి రోగం లోలోపల దాగి ఉన్న దశను అది పట్టుకోలేదు. రోగం వ్యాపించడంలో సమాన పాత్ర ఉన్న పురుషులకు ఈ చట్టం వర్తించలేదు. ఇంగ్లండులో జోసెఫీన్ బట్లర్ వంటివారు సాగించిన ఉద్యమ ఫలితంగా అక్కడి చట్టాలు 1886లోనూ, భారతీయ చట్టం 1888లోనూ రద్దయ్యాయి.

3. రక్తపరీక్ష

1879లో నైసర్ సెగవ్యాధి క్రిమిని, 1905లో షౌడిన్, హాఫ్‌మన్ సవాయి క్రిమిని గుర్తించారు. 1906లో వాసర్‌మన్ బృందం సవాయికి రక్తపరీక్షను రూపొందించింది. పైకి ఏ లక్షణమూ లేనివారిలోనూ రోగాన్ని సూచించగలగడం దాని ప్రత్యేకత. దీనితో 'రోగి ముఖం చూస్తే తెలుస్తుంది' అన్న నమ్మకానికి శాస్త్రీయమైన ఆధారం లేకుండా పోయింది. అయితే ఈ పరీక్ష నేరుగా క్రిమిని చూపదు. 1946లో వచ్చిన వీడీఆర్‌ఎల్ పరీక్షకూ ఈ పరిమితి ఉంది. మలేరియా, కుష్ఠు ఉన్నవారిలోనూ, కొందరు గర్భిణుల్లోనూ అది పొరపాటుగా రోగం ఉందని చూపవచ్చు. అందుకే నిర్ధారణకు మరో పరీక్ష అవసరమవుతుంది. పైగా ఒక్క పరీక్షతో అన్ని సుఖవ్యాధులూ బయటపడవు. సవాయికి రక్తం, సెగకు స్రావం లేదా మూత్రం పరీక్షించాలి.

4. మద్రాసు, 1986

మద్రాసు మెడికల్ కాలేజీలో సునీతి సోలోమన్ మార్గదర్శకత్వంలో సెల్లప్పన్ నిర్మల తన పరిశోధన కోసం వేశ్యావృత్తిలోని స్త్రీల రక్తనమూనాలు సేకరించారు. వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో జరిపిన పరీక్షల్లో దేశంలో తొలిసారిగా హెచ్‌ఐవీ బయటపడింది. ఈ వ్యాధి దేశంలో లేదన్న నిశ్చింతను ఆ ఫలితం పోగొట్టింది. అయితే తమ రక్తాన్ని ఎయిడ్స్ కోసం పరీక్షిస్తున్నారని ఆ స్త్రీలకు తెలియదు. మామూలు సుఖవ్యాధుల పరీక్షగానే వారు భావించారని నిర్మల తర్వాత ఒక ముఖాముఖిలో చెప్పారు. 1868 నాటి నిర్బంధానికీ, ఈ పరిశోధనకూ ఉద్దేశంలో పోలిక లేదు. కానీ మొదట పరీక్షకు వచ్చిన శరీరాలు మాత్రం ఆ వర్గపు స్త్రీలవే.

5. ముగింపు

2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం 2018 సెప్టెంబరు 10 నుండి అమల్లోకి వచ్చింది. కొన్ని మినహాయింపులు తప్ప, విషయం వివరించి సమ్మతి తీసుకోకుండా హెచ్‌ఐవీ పరీక్ష చేయరాదని అది చెబుతుంది. ఫలితాన్ని గోప్యంగా ఉంచాలని కూడా నిర్దేశిస్తుంది. నమోదు పుస్తకంలో పేరుగా ఉన్న స్త్రీ, ఈ చట్టంలో హక్కున్న వ్యక్తిగా మారింది. అయితే ఈ చట్టం హెచ్‌ఐవీకే పరిమితం. సవాయి, సెగ పరీక్షలకు వచ్చేవారికి కూడా అదే గౌరవం దక్కేదాకా ఈ చరిత్ర ముగిసిందనడానికి వీల్లేదు. పరీక్ష ఎంత కచ్చితమైనదైనా, నింద భయంతో జనం దాని దరికి రాకపోతే దాని ప్రయోజనం నెరవేరదు.