ఎ గర్ల్ వాక్స్ హోమ్ ఎలోన్ ఎట్ నైట్

2014లో సన్‌డాన్స్ చిత్రోత్సవంలో తొలిసారి ప్రదర్శించిన నలుపు తెలుపు అమెరికన్ చిత్రం. సంభాషణలన్నీ పారశీకంలోనే. రచన, దర్శకత్వం అనా లిలీ అమీర్‌పూర్; ఇంగ్లండ్‌లో ఇరానీ కుటుంబంలో పుట్టి అమెరికాలో పెరిగిన ఆమెకు ఇదే మొదటి పూర్తి నిడివి చిత్రం. కథ జరిగేది ‘బ్యాడ్ సిటీ’ అనే కల్పిత ఇరానీ ఊళ్లో. చిత్రీకరించింది మాత్రం కాలిఫోర్నియాలో, చమురు బావుల పట్టణం టాఫ్ట్ పరిసరాల్లో.

షీలా వాండ్ పోషించిన రక్తపిశాచికి పేరు లేదు. చారల చొక్కా మీద నల్లటి చాదర్ కప్పుకుని రాత్రిళ్లు తిరుగుతుంది. ఆడవాళ్లను పీడించే మగవాళ్ల మెడ కొరుకుతుంది. స్కేట్‌బోర్డు మీద వెళ్తుంటే ఆ చాదర్ రెక్కల్లా విచ్చుకుంటుంది. ప్రియుడు అరాష్ (అరాష్ మరాండి) ఆమెకు పరిచయమయ్యేదే డ్రాక్యులా వేషంలో, మత్తులో. ఈ చమత్కారం ఒక్కటి చాలు, దర్శకురాలి హాస్యం ఎలాంటిదో తెలియడానికి. రక్తపిశాచి గదిలో అద్దాల బంతి తిరుగుతుండగా ఇద్దరూ మెల్లగా దగ్గరయ్యే దృశ్యం చిత్రానికి ప్రాణం. మాటల్లేవు, రికార్డు మీద పాట తప్ప.

ఛాయాగ్రాహకుడు లైల్ విన్సెంట్. కథ పలచనే, నడక నిదానమే. అయినా విన్సెంట్ పట్టిన చిక్కటి నీడలు, కౌబాయ్ సినిమాల వాసన కొట్టే సంగీతం ఆ లోటు కనబడనివ్వవు.