జాబితాలో చోటు దొరకని కూలి

అనంతపురం జిల్లా కుందుర్పి పొలాల్లో బోరు వేస్తూ మనిషి పోతే, అతని కుటుంబానికి యజమాని పరిహారం కట్టాలి. ఆ బోరు నీళ్లతో పండిన చేలో శెనక్కాయలు పెరుకుతూ పాము కరిచి పోయిన కూలికి ఆ పరిహార చట్టం వర్తించదు. దీని మూలం వందేళ్ల కిందటి ఒక జాబితాలో ఉంది.

ఒకప్పుడు దెబ్బ తగిలిన కార్మికుడు కోర్టుకెక్కి యజమాని తప్పును రుజువు చేసుకోవాల్సి వచ్చేది. తప్పెవరిదని అడగకుండా పరిహారమిచ్చే పద్ధతి 1884లో జర్మనీలో, 1897లో బ్రిటన్‌లో మొదలైంది. మన దేశంలో 1923లో చట్టం చేసి, 1924 జూలై 1 నుంచి అమలుచేశారు. రైళ్లు, ఫ్యాక్టరీలు, గనులు, రేవులు... యంత్రమున్న చోటే అపాయమనుకున్నారు. కాబట్టి చట్టం వర్తించే పనులను రెండో షెడ్యూలులో రాసి పెట్టారు. పోనుపోను అందులో తాటిచెట్లు గీసేవాళ్లకు, ఏనుగుల్ని సాకేవాళ్లకు, బోరుబావి పనివాళ్లకు, ట్రాక్టరుతో సేద్యం చేసేవాళ్లకు చోటు దొరికింది. చేత్తో కలుపు తీసే ఆడమనిషికి దొరకలేదు.

2000లో జరిగిన సవరణతో, అప్పుడప్పుడు పనికి పిలిచే కూలీలను పక్కన పెట్టే నిబంధన పోయింది. 2009 సవరణ ప్రాణానికి కనీస పరిహారాన్ని 1,20,000 రూపాయలు చేసింది.

వానల్లేక బెంగళూరుకు కట్టుబడి పనికి పోయేవాళ్ల ఇళ్లలో తెలిసి ఉండాల్సిన సంగతులు రెండున్నాయి. మేస్త్రీ పేరు తప్ప మరేమీ తెలియకపోయినా, పని చేయించుకున్న అసలు యజమాని బాధ్యత తప్పించుకోలేడు. 1995 సవరణ తర్వాత, భర్తను పోగొట్టుకున్న మనిషి బెంగళూరు చుట్టూ తిరగకుండా తాను ఉండే జిల్లాలోనే దావా వేసుకోవచ్చు. గడువు రెండేళ్లు.

2006 ఫిబ్రవరి 2న ఇదే జిల్లా బండ్లపల్లిలో మొదలైన ఉపాధి హామీ లెక్క వేరు. పనిచోట ప్రాణం పోతే 25,000 రూపాయలని 2005 చట్టంలో రాశారు. ఒకే ఊరి మనిషి ప్రాణానికి పనిని బట్టి ధర మారడం నాకు అన్యాయంగానే తోస్తుంది.

కూలిని పెట్టుకున్న రైతు మీదే భారం వేయమని నేననను. బోర్ల అప్పులు తీర్చలేనివాడు లక్షలెక్కడ తెస్తాడు? ప్రభుత్వమే నిధి పెట్టాలి, దాన్ని చట్టంలో హక్కుగా రాయాలి. 2016లో వచ్చిన చంద్రన్న బీమా అసంఘటిత కార్మికులను చేర్చుకుంది గానీ, పథకాలకు ప్రభుత్వం మారితే పేరూ మారుతుంది, షరతులూ మారతాయి.

1923 చట్టం స్థానంలో 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా స్మృతి ఒక మంచి మార్పు తెచ్చింది. ఇంటి నుంచి పనికి, పని నుంచి ఇంటికి పోయే దారిలో జరిగిన ప్రమాదాన్నీ పనిలో జరిగినట్టే లెక్కిస్తుంది. రెండో షెడ్యూలు మాత్రం అలాగే ఉంది. తెల్లారగట్ల ఆటోలో కిక్కిరిసి కాయలు పెరకడానికి పోయే కూలీలకు ఆ మార్పు అందాలంటే ముందు వాళ్ల పని ఆ షెడ్యూలులోకి ఎక్కాలి.