సింధు దండయాత్ర పతకం: విజయచిహ్నం, వివాదసాక్ష్యం

‘హైదరాబాద్ 1843’ అని చెక్కిన వెండి పతకం తెలుగు పాఠకునికి దక్కను నగరాన్ని స్ఫురింపజేయడం సహజం. కాని అది తాల్పూర్ అమీర్ల రాజధానియైన సింధు హైదరాబాదు. 1843 ఫిబ్రవరి 17న మియానీ వద్ద, మార్చి 24న హైదరాబాదు సమీపంలోని దుబ్బా వద్ద ఛార్లెస్ నేపియర్ సాధించిన విజయాలకు గుర్తుగా ఈ పతకం వెలువడింది. ఒకవైపు విక్టోరియా రాణి శిరోబింబం, మరొకవైపు పత్రమాల నడుమ యుద్ధనామం ఉంటాయి. రెండు యుద్ధాలలోనూ పాల్గొన్నవారి పతకంపై రెండు పేర్లూ కనిపిస్తాయి.

ఈ ఆక్రమణ న్యాయబద్ధత ఆనాడే వివాదాస్పదమైంది. సింధును స్వాధీనపరచుకొనే హక్కు తమకు లేదని యుద్ధానికి ముందే నేపియర్ తన దినచర్యలో అంగీకరించాడు. అమీర్ల పక్షాన వాదించిన జేమ్స్ ఔట్రాం 1846లో గ్రంథరూపంలో అతని చర్యలను ఖండించాడు. కంపెనీ డైరెక్టర్లు సైతం ఈ విధానాన్ని తప్పుపట్టారు. అయినను సింధు అమీర్లకు తిరిగి దక్కలేదు. 1847లో బొంబాయి రాష్ట్రంలో చేరింది.

పతకం ఈ వివాదాన్ని ప్రస్తావించదు. యుద్ధాన్ని స్మరిస్తుంది, విలీనాన్ని దాచుతుంది. నేపియర్ సేనలో 22వ బ్రిటిష్ పదాతిదళం మినహా ప్రధాన బలం భారతీయ సిపాయిలదే. తెలుగు జిల్లాల నుండి కూడా సైనికులను చేర్చుకొన్న మద్రాసు సైన్యపు సాపర్స్ దళం సైతం అందులో ఉంది. నిర్ణయం పాలకులది, ప్రాణాలొడ్డినది సిపాయి. కనుక సిపాయి శౌర్యాన్ని గుర్తించడం వేరు, ఆక్రమణను సమర్థించడం వేరు. ఆ భేదాన్ని పతకం చెరిపివేసింది. దానిని పునరుద్ధరించడం చరిత్రకారుని విధి.