మంచం దిగని దొర

నాలుగు భాగాల నవలలో మొదటి భాగమంతా అయిపోయినా కథానాయకుడు గది గడప దాటడు. పీటర్స్‌బర్గ్ గొరోఖోవయా వీధిలోని అద్దె ఇల్లు, ఒంటికి రెండు చుట్లు తిరిగేంత వదులైన పర్షియా బట్ట అంగీ, దుమ్ము దులపమంటే దొరకే ఎదురుచెప్పే ముసలి నౌకరు జఖార్. ఇల్యా ఇల్యిచ్ ఒబ్లొమొవ్ లోకం అంతే. ఊరి నుంచి వచ్చిన ఉత్తరానికి జవాబు రాయడం కూడా అతనికి కొండంత పని.

ఇవాన్ గొంచరోవ్ కూడా ఈ ‘ఒబ్లొమొవ్’ నవలను తీరిగ్గానే రాశాడు. ‘ఒబ్లొమొవ్ కల’ అధ్యాయం 1849లోనే అచ్చయింది. ఆ తర్వాత ఆయన పల్లాడా ఓడలో జపాన్ దాకా వెళ్లొచ్చి, సెన్సార్ ఉద్యోగంలో చేరాడు. 1857 వేసవిలో మారియన్‌బాద్‌లో మాత్రం కొద్ది వారాల్లోనే చాలా భాగం ఏకబిగిన రాసేశాడు. నవల మొత్తం 1859లో వెలువడింది.

అదే ఏడాది విమర్శకుడు దొబ్రొల్యూబొవ్ దీన్ని ఒక మనిషి బద్ధకంగా చూడకూడదన్నాడు. అర్ధబానిసల చెమట మీద బతికే భూస్వామ్యానికి పట్టిన జబ్బు అన్నాడు. నాకైతే ఆయన మాట సగమే నిజమనిపిస్తుంది. ఒబ్లొమొవ్‌లోని మెత్తదనం ఆయన లెక్కకు అందలేదు. అర్ధబానిసత్వం 1861లో రద్దయింది గానీ ఒబ్లొమొవ్ పేరు తిట్టుగా మిగిలిపోయింది. గొంచరోవ్ పుట్టిన సింబిర్స్క్‌లోనే పుట్టిన లెనిన్, విప్లవం తర్వాత 1922లో కూడా ఆఫీసుల్లో, కమిటీల్లో ఒబ్లొమొవ్‌లు పోలేదని విసుక్కున్నాడు.

లండన్‌కు చేరేసరికి ఆ తిట్టు కాస్తా నవ్వులాటైంది. 1964లో హామర్‌స్మిత్ లిరిక్ థియేటర్‌లో ఒబ్లొమొవ్ వేషం కట్టిన స్పైక్ మిలిగన్, రాసిచ్చిన సంభాషణలు పక్కనపెట్టి నోటికొచ్చింది చెప్పడం మొదలుపెట్టాడు. జనం విరగబడ్డారు. నాటకం ‘సన్ ఆఫ్ ఒబ్లొమొవ్’గా పేరు మార్చుకుని పెద్ద థియేటర్‌కు వెళ్లింది.

ఈ నవల మీద నికితా మిఖల్కోవ్ తీసిన సినిమా 1980లో విడుదలైంది. అందులో ఒబ్లొమొవ్‌గా ఒలెగ్ తబకోవ్ బొద్దుగా, అమాయకంగా, చూడగానే జాలిపడేలా ఉంటాడు. పరుగులు తీసే స్నేహితుడు స్టోల్జ్ పక్కన ఇతనిదే మనసున్న బతుకు అనిపిస్తుంది. అందమైన సినిమా, సందేహం లేదు. ఆఖర్న ఒబ్లొమొవ్ కొడుకు పచ్చని పొలాల్లో పరుగెడతాడు.

కానీ ఆ మెత్తదనానికి తిండి పెట్టింది ఒబ్లొమొవ్‌కు వారసత్వంగా వచ్చిన 350 మంది రైతులు. వాళ్ల సంగతి గొంచరోవ్ మరిచిపోలేదు. ఆయన నవల చివర కనబడేది పొలం కాదు, చర్చి దగ్గర అడుక్కుంటున్న జఖార్. స్టోల్జ్ తనతో ఊరికి రమ్మంటే, దొర సమాధిని వదిలి రానంటాడు.